పిల్లల బడి కోసం ఇల్లు మారాలా? గోకులం వదిలిన రోజు ఉపనందుడు చెప్పిన మాట

పోయిన శనివారం వీడియోలో యమళార్జునాల దగ్గర ఆగాం కదా. రోలు ఈడ్చుకుంటూ చిన్ని కృష్ణుడు రెండు మద్ది చెట్ల మధ్యలోంచి దూరడం, అవి కూలిపోవడం, నలకూబర మణిగ్రీవులకు శాపం తీరడం. మనలో చాలామంది ఆ కథను అక్కడితో ఆపేస్తాం. నేనూ టైమ్ చాలక అక్కడే ఆపాను. కానీ దశమ స్కంధంలో కాస్త ముందుకు వెళ్తే ఒక చిన్న ఘట్టం ఉంది. ఇందులో రాక్షసుడు లేడు, అద్భుతం లేదు, కృష్ణుడు ఒక్క మాటైనా మాట్లాడడు. పెద్దవాళ్ళు కొందరు ఒకచోట కూర్చుని, ఇక్కడే ఉందామా, ఇల్లు మారదామా అని మాట్లాడుకుంటారు. అంతే.

ఈ ఘట్టాన్ని నేను ఎన్నోసార్లు చదివి దాటేశాను. ఈ ఉగాదికి మా అక్క ఫోన్ చేశాకే ఆగి చదివాను.

అక్కా బావా ఉండేది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో. ఎర్ర నేల, చెనిక్కాయ పంట, రెండు బోర్లలో ఒకటి ఎండిపోయింది. అనంతపురం పీఠభూమి సంగతి తెలిసినవాళ్ళకు ఇంకా చెప్పక్కర్లేదు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య రుతుపవనం ఇక్కడిదాకా వచ్చేసరికి అలిసిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ సరైన వేళకు పడితే. వాళ్ళ పాప మూడో తరగతి పూర్తి చేస్తోంది. ఊళ్ళో బడి ఐదు వరకే. ఆరు నుంచి చదవాలంటే నాలుగు కిలోమీటర్ల అవతలి ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూలు. "ఒరేయ్, అనంతపురంలో ఒక స్కూలు వాళ్ళు చెప్తాండారు, ఆరో తరగతికి అడిగితే సీట్లుండవంట, ఇప్పుడే నాలుగులో చేర్చాలంట. మీ బావేమో భూమి ఇడిసి రాలేనంటాడు. నేనూ పాపా పోయి రూము తీసుకుందామా? నువ్వైతే ఏం చేస్తావురా?" అని అడిగింది.

నేను బెంగళూరులో కూర్చుని ఎవరికైనా ఏ సలహా అయినా ఇచ్చేస్తాను. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం వెంటనే మాట రాలేదు. ఎందుకు రాలేదో తర్వాత చెప్తాను. ముందు ఉపనందుడి దగ్గరికి వెళ్దాం.

అప్పటికి గోకులంలో ఏమేం జరిగాయో గుర్తు చేసుకోండి. పూతన వచ్చింది. బండి విరిగి మీద పడబోయింది. సుడిగాలి రూపంలో తృణావర్తుడు బిడ్డను ఆకాశానికి ఎత్తుకుపోయాడు. ఇప్పుడు చెట్లు కూలాయి. నందుడితో సహా గోపవృద్ధులందరూ కూర్చున్నారు. వాళ్ళలో ఉపనందుడు వయసులోనూ తెలివిలోనూ పెద్ద. ఏ చోట, ఏ కాలంలో ఏది చేయాలో తెలిసినవాడు అని వ్యాసుడు ఆయన్ను పరిచయం చేస్తాడు. ఆయన లేచి జరిగినవన్నీ ఒక్కొక్కటిగా వరుసగా లెక్కపెడతాడు. ప్రతిదాని దగ్గరా ఇది దేవుడి దయ వల్ల తప్పింది, అది శ్రీహరి కాపాడాడు అని కూడా అంటాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నాలుగుసార్లు దేవుడు కాపాడాడని ఒప్పుకున్న మనిషి తర్వాత ఏమనాలి? మన ఇళ్ళల్లో అయితే, "ఇన్నిసార్లు కాపాడినవాడు ఇకముందు కాపాడడా, ఊరికే కంగారు ఎందుకు, ఇక్కడే ఉందాం" అంటారు. ఉపనందుడు అలా అనలేదు. ఇంకో ఆపద ముంచుకురాక ముందే పిల్లల్ని తీసుకుని ఇక్కడినుంచి కదులుదాం అన్నాడు. ఆయన భక్తికి ఏం తక్కువ? దేవుడు చేసిన మేలును మేలుగానే లెక్కవేసుకున్నాడు, మనం చేయాల్సిన పనిని దేవుడి నెత్తిన పెట్టలేదు. "పిల్ల రాతలో చదువుంటే యాడున్నా వస్తుందిలే" అని మా బావ తరచూ అంటాడు. నాకు బావ అంటే చాలా గౌరవం, కానీ ఉపనందుడు ఆ మాట అనలేదని ఫోన్లో చెప్పాల్సి వచ్చింది.

రెండో సంగతి, ఇది నేను ఇన్నేళ్ళూ గమనించనిది. కదలాలి అన్నాక ఉపనందుడు బృందావనం గురించి ఏం చెప్పాడు? అక్కడ పిల్లలు భద్రంగా ఉంటారు అని ఊరికే అనలేదు. పశువులకు మేత ఉంది, కొత్త చిగుళ్ళ వనాలున్నాయి, కొండ ఉంది, గడ్డి ఉంది, తీగలున్నాయి, గోపాలురకీ గోపికలకీ ఆవులకీ కూడా సరిపోతుంది అన్నాడు. కారణం పిల్లలే, కానీ బతకాల్సింది అందరూ అని ఆయనకు తెలుసు. ఆవులకు మేత లేని చోటికి వెళ్తే పిల్లలకు పాలెక్కడివి? చివర్లో, మీకందరికీ నచ్చితేనే అని కూడా అన్నాడు. వాళ్ళందరూ ఒకే మనసుతో బాగుంది, బాగుంది అన్నారు. ముసలివాళ్ళనూ పిల్లలనూ ఆడవాళ్ళనూ సామాన్లనూ బండ్ల మీద ఎక్కించి, ఆవుల్ని ముందు నడిపించి బయలుదేరారు.

ఎవ్వరినీ వెనక వదిలిపెట్టలేదు, చూడండి. నాకు ఫోన్లో మాట రాకపోవడానికి కారణం ఇదే.

నేను ఆరో తరగతికి వచ్చినప్పుడు మా ఇంట్లోనూ ఇదే మాట జరిగింది. మా నాయన, అమ్మ, తాత, నేను, అక్క. మంచి బడి కోసం అమ్మ మమ్మల్నిద్దరినీ తీసుకుని అనంతపురం వచ్చి ఒక్క గది అద్దెకు తీసుకుంది. నాయన, తాత ఊళ్ళోనే. నాయన శనివారం సాయంత్రం బస్సుకు వచ్చేవాడు, సంచిలో చెనిక్కాయలు, జొన్నలు, తాత ఇచ్చిన పది రూపాయలు. ఆదివారం రాత్రి వెళ్ళిపోయేవాడు. ఐదేళ్ళు అలా నడిచింది. దేని కోసం అంత కష్టపడ్డామో ఆ స్కూల్లో నేను చదివింది ఒక్క ఏడాదే. తరగతికి డెబ్బైమంది. లెక్కల సారు ఏడాదిలో ముగ్గురు మారారు. తర్వాత అమ్మ నన్ను మునిసిపల్ హైస్కూల్లో వేసింది. నాకు లెక్కలు వచ్చింది అక్కడే. ఈలోగా ఊళ్ళో తాతకు జ్వరమొస్తే చూసేవాళ్ళు లేక, నాయన పొలం నుంచి వచ్చేదాకా అలా పడుకునే ఉండేవాడు. నేను తొమ్మిదిలో ఉండగా పోయాడు. మేం వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

అమ్మ తప్పు చేసిందని అనను. ఆ రోజు కదలకపోతే ఈ రోజు నేను ఇక్కడ కూర్చుని భాగవతం చెప్పేవాణ్ణో లేదో. కానీ మేం బండి కట్టినప్పుడు తాతను ఎక్కించలేదు. బడిని కూడా బోర్డు చూసి నమ్మామే తప్ప లోపలికి వెళ్ళి చూడలేదు. ఈ రెండూ నాకు గుర్తున్నాయి. అక్కకూ గుర్తున్నాయి. అందుకే ఫోన్ చేసింది నాకు.

ఉపనందుడిలాగా ముందు ఉన్నవి ఉన్నట్టు లెక్కపెడదాం అన్నాను అక్కతో. చోటు, కాలం. దీనికి నేను రెండు రాత్రులు కూర్చుని నిబంధనలన్నీ చదివాను. చదివితే తేలిందేంటంటే, ఆ స్కూలు వాళ్ళు "ఇప్పుడే చేర్చండి" అన్న మాటను అక్క అలాగే వినుంటే ఒక పెద్ద తలుపు తెలియకుండానే మూసుకుపోయేది.

ఉమ్మడి అనంతపురం జిల్లాకు జవహర్ నవోదయ విద్యాలయం లేపాక్షిలో ఉంది. అవును, వీరభద్రుడి గుడి, వేలాడే స్తంభం ఉన్న లేపాక్షే. నవోదయలో ప్రవేశం ఆరో తరగతికి, పరీక్ష ఐదు చదువుతుండగా రాయాలి, అదీ జీవితంలో ఒక్కసారే. తెలుగులోనే రాయొచ్చు. మెంటల్ ఎబిలిటీ, లెక్కలు, భాష, రెండు గంటలు. సీటు వస్తే చదువు, ఉండడం, తిండి, పుస్తకాలు అన్నీ ఉచితం. మొత్తం సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకి, మూడో వంతు ఆడపిల్లలకి. ఇప్పుడు అసలు సంగతి. పల్లె అభ్యర్థి అనిపించుకోవాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా పల్లె ప్రాంతపు బడిలోనే చదివుండాలి. ఆ మూడేళ్ళలో ఒక్క రోజు పట్టణపు బడిలో చదివినా పట్టణ అభ్యర్థి కిందే లెక్క. అంటే జూన్‌లో పాపను అనంతపురంలో నాలుగో తరగతిలో చేర్చిన మరుక్షణం, ముప్పాతిక సీట్ల వైపు నుంచి పావు సీట్ల వైపుకు జరిగిపోతుంది. ఈ మాట ఆ స్కూలు వాళ్ళు చెప్పరు, వాళ్ళకు అవసరం లేదు. మనమే తెలుసుకోవాలి.

నవోదయ పోటీ చిన్నది కాదు. ఒక విద్యాలయంలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు. అదే వస్తుందని కూర్చోవడం కూడా తప్పే. కొడిగెనహళ్ళి గురించి మా వైపు వాళ్ళందరూ వినే ఉంటారు, హిందూపురం దగ్గర పరిగి మండలంలో 1972లో మొదలైన రెసిడెన్షియల్ స్కూలు. అక్కడ చదివి పెద్ద ఉద్యోగాల్లోకి వెళ్ళినవాళ్ళు ఎందరో. అది మగపిల్లల బడి. ఆడపిల్లలకు వేరే గురుకులాలున్నాయి. కానీ అలాంటి చాలా గురుకులాల్లో ప్రవేశం ఐదో తరగతికే, పరీక్ష నాలుగు చదువుతుండగా. "ఆరుకు చూద్దాంలే" అని కూర్చున్నవాళ్ళు ఆ ఏడాది పోగొట్టుకుంటారు. ఏపీ మోడల్ స్కూళ్ళు, కస్తూర్బా విద్యాలయాలు మాత్రం ఆరు నుంచి. ప్రతి ఏడాదీ నోటిఫికేషన్ చూసుకోవాలి, వాట్సాప్ ఫార్వర్డ్ చూసి కాదు.

ఇంకో రెండు ముక్కలు, మనలాంటి బెంగళూరు, హైదరాబాదు వాళ్ళకు పనికొచ్చేవి. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బళ్ళలో ఇచ్చే 25 శాతం ఉచిత సీట్లు ప్రవేశ తరగతికే. ఆరో తరగతికి ఇల్లు మారి ఆ సీటు అడుగుదాం అనుకుంటే కుదరదు. ఇక బెంగళూరుకు వచ్చేద్దాం అనుకునేవాళ్ళు, రేపు పిల్లలు ఆంధ్రలో ఇంజనీరింగ్, మెడిసిన్ సీటు అడిగినప్పుడు స్థానికత లెక్క వస్తుందని గుర్తుంచుకోండి. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్నది అందులో ముఖ్యం. ఒక మంచి మాట కూడా ఉంది. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు బడి మారే హక్కును ఆ చట్టమే ఇచ్చింది, టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి చేర్చుకోకుండా ఉండడానికి వీల్లేదు.

అక్క అంతా విని, "అయితే ఐదు అయ్యేదాకా ఈడనే ఉండమంటావా?" అంది. "ఉండమనట్లేదు అక్కా, ఉంటే ఏం మిగుల్తుందో చెప్తున్నా. కానీ ఊరికే ఉంటే ఏదీ మిగలదు" అన్నాను.

ఊరికే ఉండడం గురించి ఒక పాత కథ చెప్పాలి. అనంతపురం 1882 దాకా వేరే జిల్లా కాదు, బళ్ళారి జిల్లాలో భాగం. 1822లో మద్రాసు గవర్నరు మన్రో, మన వైపు కలెక్టరుగా చేసినవాడే, బళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్క తీయమని కలెక్టర్లందరికీ ఉత్తరం రాశాడు. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో జవాబు రాశాడు. జిల్లా జనాభా 9,27,857. బళ్ళు 533. చదివే పిల్లలు 6,641. అంటే వెయ్యికి ఏడుగురు దాకా. ధర్మపాల్ 1983లో తన పుస్తకంలో ఈ నివేదికలన్నీ అచ్చువేశారు, దొరికితే చదవండి.

ఆ నివేదికలో నాకు బాగా నచ్చింది అంకెలు కాదు, అక్షరాభ్యాసం. పిల్లవాడికి ఐదో ఏడు రాగానే బడి పంతులునూ చదివే పిల్లలనూ ఇంటికే పిలుస్తారు. మధ్యలో వినాయకుడు, చుట్టూ పిల్లలు, ఎదురుగా కొత్త పిల్లవాడు. ధూపం వేసి, వినాయకుణ్ణి తెలివి ఇమ్మని వాడి చేత అడిగించి, వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయిస్తారు. మనం ఇప్పుడు వసంత పంచమికి గుళ్ళో లైను కట్టి చేయించేది రెండు వందల ఏళ్ళ కింద మన నేల మీద ఇంట్లోనే, బడి మొత్తం వచ్చి చేసేది. పొద్దున ఆరింటికి బడి. అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి అని రాసేవాళ్ళు. రెండో వాడికి సున్న. మూడోవాడి నుంచి దెబ్బలు మొదలు, ఆలస్యాన్ని బట్టి ఒక్కొక్కటి పెరుగుతుంది! (నేనైతే రోజూ ఏడో ఎనిమిదో తినేవాణ్ణి.)

అదే నివేదికలో బాధ కలిగించే మాట కూడా ఉంది. బళ్ళు తగ్గిపోతున్నాయి అంటాడు ఆయన. ఎందుకు? జనం పేదవాళ్ళైపోయారు. బడి ఖర్చు పెట్టలేరు. పైగా పిల్లల లేత చేతులు ఏ చిన్న పని చేయగలిగినా ఆ పని ఇంటికి అవసరం. బడి దూరమై కాదు, దేవుడి మీద నమ్మకం లేక కాదు, పేదరికం వల్ల. ఈ పీఠభూమిలో బడి ప్రశ్న ఎప్పుడూ పొలం ప్రశ్నతో కలిసే వస్తుంది. ఇప్పటికీ చూడండి, బళ్ళు తెరిచేది జూన్ రెండో వారంలో. చెనిక్కాయ విత్తనం పడేది కూడా జూన్, జూలైలోనే. ఫీజు, విత్తనాలు ఒకే నెలలో ఒకే జేబులోంచి పోవాలి. టౌనులో గది అద్దె నెలకు ఆరు వేలు, రెండు పొయ్యిలు, వారం వారం బస్సు ఛార్జీలు. ఒక ఏడాది వాన తప్పితే మొదట ఆగిపోయేది ఏది? పాప చదువే. అప్పుడు మధ్యలో వెనక్కి తీసుకురావడం కన్నా అన్యాయం ఉండదు. మా వీధిలోనే అలా ఏడో తరగతిలో వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళు ఇద్దరున్నారు నాకు తెలిసి.

అందుకే ఆవులకు మేత ఉందా అని ఉపనందుడు ముందే చూశాడు. బావ పొలం గురించి మాట్లాడితే మనం వెంటనే మొండితనం అనేస్తాం. ఆయన అడిగేది మేత గురించే.

అక్కకు నేను ఒక్క పని చెప్పాను. టౌను స్కూలునూ, నాలుగు కిలోమీటర్ల హైస్కూలునూ రెండింటినీ పని రోజున, పొద్దున పదకొండింటికి, చెప్పకుండా వెళ్ళి చూడమన్నాను. గోడ మీద ర్యాంకుల ఫ్లెక్సీ చూడొద్దు. ఏడో తరగతి పిల్లను ఒకదాన్ని పిలిచి తెలుగు పుస్తకంలో ఒక పేరా చదవమను, ఒక భాగహారం చేయమను. లెక్కల టీచరు, ఇంగ్లీషు టీచరు ఉన్నారా, ఎన్నేళ్ళుగా ఉన్నారు అడుగు. ఆడపిల్లల మరుగుదొడ్లో నీళ్ళు వస్తున్నాయా తిప్పి చూడు. సాయంత్రం బడి వదిలాక ఆ నాలుగు కిలోమీటర్లు నువ్వే ఒకసారి నడిచి రా. ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడి మూడు కిలోమీటర్లలోపు ఉండాలని నిబంధన. మీది నాలుగు. ఆ ఒక్క కిలోమీటరు దగ్గరే మన ఊళ్ళల్లో ఆడపిల్లల చదువు ఆగిపోతుంది.

అక్క నిజంగానే వెళ్ళింది. టౌను స్కూల్లో గేటు దగ్గరే కూర్చోబెట్టి బ్రోచరు ఇచ్చారు, తరగతి చూపించలేదు. హైస్కూల్లో హెడ్‌మాస్టరు లోపలికి తీసుకెళ్ళారట. లెక్కల టీచరమ్మ ఉంది, బాగా చెప్తుంది. ఇంగ్లీషు పోస్టు ఖాళీ. ఏడో తరగతి పిల్ల తెలుగు గడగడా చదివింది, భాగహారం దగ్గర కాస్త తడబడి చేసేసింది. దారిలో మాత్రం రెండు కిలోమీటర్లు ఇళ్ళు లేవు, గాలిమరలు తప్ప. "ఆ దావే నాకు భయంరా" అంది. అది నిజమైన భయం. దానికి ఉన్న జవాబు అనంతపురంలో ఇల్లు తీసుకోవడం ఒక్కటేనా? ఊళ్ళోంచి ఆరుకు వెళ్ళే ఆడపిల్లలు ఐదుగురున్నారట. ఐదు ఇళ్ళూ కలిసి నెలకింత అని ఒక ఆటో మాట్లాడుకోవచ్చు. ఈ మాట నేను చెప్పలేదు, అక్కే చెప్పింది. గోపాలురు కూడా ఒక్కో ఇల్లు ఒక్కో దిక్కుకు పోలేదు కదా, ఊరంతా కలిసి కదిలింది.

మన చానల్‌లో ఉంటూ కదిరి స్వామి పేరు తలచకపోతే ఎలా? కదిరిలో నరసింహుడి పక్కనే ప్రహ్లాదుడు నిలబడి ఉంటాడు. ఆ పిల్లవాడికి వాళ్ళ నాన్న ఆ రోజుల్లో దొరికే అన్నిటికన్నా గొప్ప బడి ఇచ్చాడు. శుక్రాచార్యుడి కొడుకులు, చండామార్కులు, వాళ్ళే గురువులు. ఖర్చుకు లోటు లేదు, దూరం లేదు. ప్రహ్లాదుడు మాత్రం అసలు పాఠం తల్లి కడుపులో ఉండగానే నారదుడి దగ్గర విన్నాడు. గురువులు లేని వేళ ఆడుకునే పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని అదే చెప్పాడు. దీన్ని పట్టుకుని బడి ఏదైనా ఒకటే అనకండి, అది సోమరి మాట. లెక్కలు రాని బడిలో వేసి ఇంట్లో సహస్రనామం చదివిస్తే లెక్కలు రావు. నేను చూసేది ఇంకోటి. పాప ఇప్పుడు రాత్రిపూట వాళ్ళ జేజి పక్కన పడుకుని కథలు వింటోంది. టౌనుకు వెళ్తే ఆ గది అద్దెకు దొరకదు.

ఇంకో మాట. బృందావనం వెళ్ళాక ఆపదలు ఆగాయా? లేదు. వెళ్ళిన కొన్నాళ్ళకే దూడ రూపంలో వత్సాసురుడు, కొంగ రూపంలో బకుడు, కొండచిలువగా అఘాసురుడు వరసగా వచ్చారు. మరి ఉపనందుడి లెక్క తప్పిందా? ఆయన అక్కడ ఏ కష్టమూ రాదని మాట ఇవ్వలేదు. మేత ఉందన్నాడు, ఉంది. ఇల్లు మారితే అన్నీ సర్దుకుంటాయి అనుకుని వెళ్ళినవాళ్ళే ఆరు నెలల్లో ఒకరినొకరు తిట్టుకుంటారు. టౌనులో కొత్త బడిలో పాపను యాస పట్టుకుని ఏడిపిస్తారు. నన్ను ఏడిపించారు, "ఈడ" అన్నందుకు. అది కూడా లెక్కలో వేసుకునే వెళ్ళాలి.

పోయిన ఆదివారం అక్క, బావ, నేను వీడియో కాల్‌లో కూర్చున్నాం. పాపను కూడా కూర్చోబెట్టమన్నాను. గోకులంలో పిల్లల్ని అడిగినట్టు ఎక్కడా లేదు, కానీ అది మనం నేర్చుకోవాల్సిన భాగం కాదనుకుంటా. పాప అడిగింది ఒక్కటే, "నాయన కూడా వస్తాడా?" బావ ఫోన్లోంచి ముఖం తిప్పుకున్నాడు.

తేలింది ఇది. జూన్‌లో నాలుగో తరగతి ఊరి బళ్ళోనే. ఈ ఏడాదే గురుకులం ఐదో తరగతి పరీక్షకు కట్టడం, వచ్చే ఏడాది నవోదయకు కట్టడం. దానికి రోజూ గంట లెక్కలు, బావే చెప్పిస్తానన్నాడు, పదో తరగతి దాకా చదివినవాడే. రెండూ రాకపోతే హైస్కూలు, ఆటో. ఇంగ్లీషు పోస్టు అప్పటికీ ఖాళీగానే ఉంటే, రెండేళ్ళ తర్వాత ఉగాదికి మళ్ళీ కూర్చోవాలి, అప్పుడు కదిలితే నలుగురూ కదలాలి, పొలం కౌలుకు ఇచ్చి. ఇద్దరు అక్కడ ఇద్దరు ఇక్కడ మాత్రం వద్దు. ఈ ఒక్క షరతూ అక్క పెట్టింది. నేను మా తాత గురించి ఏమీ ఎత్తలేదు, ఆమే ఎత్తింది.

చివర్లో పాప వాళ్ళ జేజి వచ్చి కూర్చుంది. ఆమెకు చెవులు సరిగ్గా వినపడవు, అక్క గట్టిగా ఉపనందుడి కథంతా చెప్పింది. బండ్ల మీద ముసలివాళ్ళను కూర్చోబెట్టుకుని పోయారు అనేదాకా విని, "ఆ ముసలోళ్ళను వస్తారా అని అడిగినారా, ఊరికే ఎత్తి కూచోబెట్టినారా?" అంది.

ఫోన్ పెట్టేశాక మూలం తీసి మళ్ళీ చూశాను. బండ్లలో కూర్చోబెట్టారు అనే ఉంది. అడిగారో లేదో రాయలేదు. ఆ మాటే మర్నాడు ఫోన్ చేసి ఆమెకు చెప్పాను. "అయితే మీరు అడగండప్పా" అంది.

వచ్చే శనివారం వీడియోలో వత్సాసురుడి ఘట్టం. శ్రీకృష్ణార్పణం.